మణికట్టు మీద గడ్డ: కొట్టాలా, పీల్చాలా, కోయాలా, వదిలేయాలా?

మూడేళ్ల కిందట సంక్రాంతికి పెట్టెలోంచి పాత మట్టిగాజులు తీసి వేసుకుంటుంటే, కుడిచేతి గాజులు మణికట్టు దగ్గర ఆగిపోయాయి, పైకి జరగవు. ఏంటా అని చూస్తే చేతి వెనకవైపు, సరిగ్గా మణికట్టు మధ్యలో, శనగ గింజంత ఉబ్బు. చెయ్యి కిందికి వంచితే పైకి తేలుతుంది, వెనక్కి ఎత్తితే లోపలికి పోతుంది. నొప్పి లేదు, ఎరుపు లేదు. మా పిన్ని ఒకసారి నొక్కి చూసి "నరం మీద నరం ఎక్కిందే, లావుపాటి పుస్తకం పెట్టి ఒక్కటేస్తే దిగిపోతుంది" అని తీర్పిచ్చేసింది. బాబాయి పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకోమన్నాడు. నేనేమో ఆ రాత్రి ఫోన్‌లో వెతుక్కుంటూ వెతుక్కుంటూ తెల్లారేసరికి క్యాన్సర్ దాకా వెళ్లిపోయాను. ముగ్గురం తప్పే.

ముందు ఈ ‘నరం’ సంగతి తేల్చుకోవాలి, సగం గందరగోళం ఆ మాటలోనే ఉంది. తెలుగులో మనం నరం అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు వాటిని పిలుస్తాం. సెలైన్ ఎక్కించేటప్పుడు నర్సు ‘నరం దొరకట్లేదు’ అంటే అది రక్తనాళం. చెయ్యి తిమ్మిరెక్కితే ‘నరం నొక్కుకుంది’ అంటాం, అది స్పర్శను మోసే నాడి. వేలు లాగేసినా ‘నరం పట్టేసింది’ అంటాం, అది చాలాసార్లు కండరమో, కండరాన్ని ఎముకకు కట్టే తాడో, అంటే టెండన్. మణికట్టు మీద లేచే ఈ గడ్డ ఈ మూడింట్లో ఏదీ కాదు, ఏదీ దేని మీదికీ ఎక్కలేదు. డాక్టర్ చీటీ మీద రాసే పేరు గాంగ్లియన్ సిస్ట్. పోనీ అని నెట్‌లో గాంగ్లియన్ అని కొడితే నాడీకణాల గుంపు అని వస్తుంది, టెన్షన్ రెట్టింపు. గ్రీకులో ఆ మాటకు ముడి అని అర్థం. రెండూ ముడుల్లా కనిపించాయని రెండింటికీ అదే పేరు తగిలించారు, అంతకు మించి వాటికి చుట్టరికం లేదు.

అసలు సంగతి ఇది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి, చిన్న సంచిలో గులకరాళ్లు కుక్కినట్టు. వాటిని ఒకదానికొకటి కట్టిపెట్టేవి లిగమెంట్లు, చుట్టూ ఒక గట్టి పొర, లోపల కీళ్లు ఒరుసుకోకుండా కాస్త ద్రవం. ఆ ఎముకల్లో స్కాఫాయిడ్, లూనేట్ అని రెండు పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండింటినీ కట్టే లిగమెంటు దగ్గర నుంచి సన్నటి కాడ ఒకటి బయలుదేరి, పైపొరను దాటుకుని, టెండన్ల సందులోంచి దారి చేసుకుని, చర్మం కింద బుడగలా ఉబ్బుతుంది. చేతి మీద, మణికట్టు మీద లేచే గడ్డల్లో సగానికి పైగా గాంగ్లియన్లే. ఆ గాంగ్లియన్లలో మళ్లీ నూటికి 60 నుంచి 70 దాకా చేతి వెనక ఈ ఒక్క చోటే వస్తాయి. 20 నుంచి 40 ఏళ్ల మధ్యవాళ్లలో ఎక్కువ, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో బాగా ఎక్కువ.

మనకు కనిపించేది కాయ, మనకు కనిపించనిది కాడ. గుర్తుపెట్టుకోవాల్సింది ఈ ఒక్కటే, ఎందుకంటే కొట్టినా పీల్చినా కోసినా మళ్లీ ఎందుకు వస్తుందో, ఎప్పుడు రాదో అంతా ఆ కాడ దగ్గరే తేలుతుంది.

బుడగ లోపల ఉండేది చీము కాదు, రక్తం కాదు, నీళ్లూ కాదు. కలబంద మట్ట చీలిస్తే వచ్చే గుజ్జు చూశారు కదా, అచ్చం అలాంటి జిగురు. కీలులో ఉండే ద్రవం కంటే ఇంకా చిక్కన. అందులో ఎక్కువగా ఉండేది హయలూరానిక్ యాసిడ్, అవును, ముఖానికి రాసుకునే సీరమ్‌ల మీద పెద్దక్షరాలతో కొట్టేది అదే. కీలు కదిలినప్పుడల్లా ద్రవం కాడ గుండా బయటికి నెట్టుకొస్తుందని, వెనక్కి మాత్రం పోలేదని, అంటే బోరు మోటారుకి కింద ఉండే ఫుట్‌వాల్వ్‌లా ఒకవైపే తెరుచుకునే దారి అక్కడ ఉందని చాలాకాలంగా ఒక వివరణ ఉంది. పని ఎక్కువ చేసిన రోజు గడ్డ పెద్దదై, విశ్రాంతిలో తగ్గినట్టు అనిపించడం చాలామందికి అనుభవమే.

ఇంకో విచిత్రం, మామూలు తిత్తికి లోపలివైపు ఒక కణాల అస్తరు ఉంటుంది, ఆ అస్తరే ద్రవాన్ని ఊరిస్తుంది. గాంగ్లియన్‌కి అదీ లేదు. మైక్రోస్కోపు కింద చూస్తే గోడంతా నొక్కుకుపోయిన కొల్లాజెన్ పోగులే. అందుకే దీన్ని దొంగ తిత్తి అనొచ్చు. మరి ఎందుకు వస్తుంది? 1746లో ఎల్లర్ అనే ఆయన కీలు పొర హెర్నియాలా బయటికి పొడుచుకు రావడమే ఇది అన్నాడు. 1928లో కార్ప్, స్టౌట్ అనే ఇద్దరు అమెరికన్లు అలా కాదు, కీలు చుట్టూ ఉన్న కణజాలమే మెత్తబడి జిగురుగా మారిపోతోంది అన్నారు. ఆ తగువు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మా ఆఫీసులో ఒకావిడ మౌస్ వల్లే అని తేల్చేసింది గానీ, ఫలానా పని చేస్తేనే వస్తుందని గట్టిగా చెప్పే ఆధారం లేదు. కొందరికి పాత దెబ్బ గుర్తుంటుంది, చాలామందికి అదీ ఉండదు.

చేతి వెనకే కాకుండా ఇంకో మూడు చోట్ల వస్తుంది. నాడి పట్టుకుని చూసే చోటు ఉంది కదా, బొటనవేలి వైపు మణికట్టు లోపలి పక్క, అక్కడొకటి. అది ఎక్కువసార్లు చేతికి రక్తం తెచ్చే రేడియల్ ధమనికి అతుక్కునే ఉంటుంది, దాని జోలికి వెళ్లాలంటే సర్జన్లూ ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. రెండోది వేలు అరచేతిని కలిసే మడత దగ్గర, కంది గింజంత, రాయిలా గట్టిగా. కంటికి పెద్దగా కనపడదు గానీ కూరగాయల సంచి పట్టుకున్నా, బండి హ్యాండిల్ బిగించినా సూదిలా గుచ్చుతుంది. మూడోది వేలి చివరి కణుపు మీద, గోరు మొదట్లో. దాని గురించి తర్వాత విడిగా చెప్తాను, దాని తీరే వేరు.

అయితే చేతి మీద లేచిన ప్రతి గడ్డా గాంగ్లియన్ కాదు. పొలంలో తుమ్మముల్లు దిగినప్పుడో, కుట్టుమిషన్ సూది వేలిలోకి దూరినప్పుడో చర్మం తాలూకు కణాలు కొన్ని లోపలికి వెళ్లి అక్కడే స్థిరపడతాయి. చర్మం పని చర్మం చేస్తుంది కదా, రోజూ రాల్చే పొట్టు రాలుస్తూనే ఉంటుంది, బయటికి పోయే దారి లేక అదంతా లోపలే పోగవుతుంది. నెలలకో ఏళ్లకో వేలి కొసనో అరచేతిలోనో గట్టి ఉండగా తేలుతుంది, గుచ్చుకున్న సంగతే అప్పటికి మర్చిపోయి ఉంటాం. కోస్తే తెల్లగా పాలవిరుగుడు లాంటి ముద్ద, కొన్నిసార్లు కంపు. ఎపిడెర్మాయిడ్ సిస్ట్ అంటారు. దీనికి అసలైన అస్తరు ఉంటుంది, అందుకే తిత్తి మొత్తం చిరగకుండా ఊడదీయాలి, ముక్క మిగిలినా మళ్లీ పెరుగుతుంది. వేలి కొసన చాలాకాలం వదిలేస్తే పక్కనున్న ఎముకను నొక్కి గుంట చేసిన సందర్భాలూ ఉన్నాయి.

టెండన్ తొడుగు మీద పెరిగే జెయింట్ సెల్ ట్యూమర్ అని ఇంకొకటి ఉంది. పేరు భయపెడుతుంది గానీ అదీ ప్రమాదం లేని కణితే, కాకపోతే లోపల ద్రవం ఉండదు, అంతా గట్టి కండే, దానంతట అది పోదు, తీయించుకోవాల్సిందే. మణికట్టుకి కాస్త ముందు, చూపుడువేలు మధ్యవేలు ఎముకలు మొదలయ్యే చోట ఎముకే పెరిగి బొడిపెలా తేలుతుంది కొందరికి, దాన్ని గాంగ్లియన్ అనుకుని సూది పెట్టిస్తే ఏమీ రాదు. ఎముకలోంచి జిగురు ఎక్కడ వస్తుంది.

పేరులో గాంగ్లియన్ ఉండి గాంగ్లియన్ కానిది కూడా ఒకటుంది, మన దేశంలో దీని గురించి తెలిసి ఉండటం అవసరం. కాంపౌండ్ పామర్ గాంగ్లియన్. ఇది చేతి లోపలివైపు, మణికట్టు మడతకి పైన ఒక ఉబ్బు, కింద అరచేతిలో ఒక ఉబ్బు, మధ్యలో నొక్కుకుపోయి డమరుకంలా ఉంటుంది. ఒకవైపు నొక్కితే ద్రవం రెండోవైపుకి జారుతుంది, లోపల బియ్యపు గింజల్లాంటివి కదులుతున్నట్టు చేతికి తగులుతుంది. టెండన్ల తొడుగులకు పట్టిన క్షయ చాలాసార్లు ఇలా బయటపడుతుంది. దగ్గు లేకుండా, ఊపిరితిత్తుల్లో ఏమీ లేకుండా కూడా రావచ్చు. దీనికి క్షయ మందులు వాడాలి, చాలామందికి ఆపరేషన్ కూడా తోడవుతుంది. పసరు కట్లతో నెలలు గడిపేస్తే వేళ్లు బిగుసుకుపోతాయి. పుత్తూరు కట్టు ఎముక విరిగినవాళ్ల కోసం పేరు తెచ్చుకున్నది, జిగురు బుడగకు కట్టు కట్టి లాభం లేదు, క్షయకి కట్టు కట్టి కూర్చుంటే నష్టమే.

మరి మనది ఏ రకమో ఎలా తెలుస్తుంది? ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. రాత్రి లైట్లు ఆర్పేసి ఫోన్ టార్చ్‌ని గడ్డకి పక్కనుంచి ఆనించి పెట్టండి. లోపల తేటద్రవం ఉంటే గడ్డ మొత్తం తాటిముంజకి దీపం పెట్టినట్టు ఎర్రగా వెలుగుతుంది, గట్టి కండ అయితే వెలగదు. నాది వెలిగింది. ఆ రాత్రి అదే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను, భయం సగం అక్కడే పోయింది. డాక్టర్ కూడా పెన్‌టార్చ్‌తో చేసింది ఇదే, అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్ తీయిస్తారు. కంటికి కనపడనంత చిన్న గాంగ్లియన్ లోపల ఉండి, చెయ్యి నేల మీద ఆనించి లేచినప్పుడల్లా మణికట్టు మధ్యలో పోటు వస్తుంటే అప్పుడు అల్ట్రాసౌండో ఎమ్మారైయో పట్టిస్తుంది. మామూలు గడ్డకి మాత్రం ఎమ్మారై అక్కర్లేదు, రాసిస్తే ఎందుకండీ అని అడగడంలో తప్పు లేదు.

ఇక క్యాన్సర్ భయం. గాంగ్లియన్ క్యాన్సర్‌గా మారదు. కానీ గడ్డ వారాల్లో గబగబా పెరుగుతున్నా, రాయిలా గట్టిగా ఉండి కింద అతుక్కుపోయినట్టున్నా, రాత్రుళ్లు నొప్పితో మెలకువ వస్తున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, దాన్ని గాంగ్లియనే అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. నాడి చూసే చోట ఉన్న గడ్డ గుండెతో పాటు కొట్టుకుంటుంటే అది ధమని ఉబ్బు అయి ఉండొచ్చు, దానికి సూది పెట్టడం కంటే పెద్ద తప్పు ఇంకోటి లేదు.

ఇప్పుడు వైద్యం. పుస్తకంతో కొట్టడం మా పిన్ని కనిపెట్టింది కాదు. ఇంగ్లిష్ దేశాల్లో దీన్ని బైబిల్ గడ్డ అనేవాళ్లు, ఇంట్లో ఉండే అన్నిటికంటే బరువైన పుస్తకం అదే కాబట్టి. 18వ శతాబ్దపు జర్మన్ సర్జన్ లోరెంజ్ హైస్టర్ తన కాలంలో జనం చేసేవి రాసిపెట్టాడు: రోజూ పొద్దున్నే పరగడుపు ఉమ్మి రాయడం, సీసం పలక కట్టడం, అడవి జంతువుని చంపిన తూటాతో రుద్దడం, చచ్చినవాడి చేత్తో తడమడం. పరగడుపు ఉమ్మి దగ్గర నవ్వొచ్చింది నాకు, మొటిమలకి మా నాయనమ్మ చెప్పిందీ అదే. కొడితే బుడగ పగిలి జిగురు చుట్టుపక్కలకి చిమ్ముతుంది, గడ్డ మాయమవుతుంది, ఊరంతా చెప్పుకుంటారు. కాడ అక్కడే ఉంటుంది కాబట్టి చాలామందికి మళ్లీ నిండుతుంది. ఈలోపు గురి తప్పితే చిన్న ఎముక విరగొచ్చు, టెండన్‌కో చర్మం కింద నాడికో దెబ్బ తగలొచ్చు. గుండుసూది కాల్చి ఇంట్లో పొడుచుకోవడం ఇంకా ఘోరం, ఆ దారి కీలులోకే, సూక్ష్మజీవులు వెళ్లాయంటే కీలులో చీము పడుతుంది.

రెండో దారి ఏమీ చేయకపోవడం. ఇది చెప్తే డాక్టర్ దగ్గరికి వెళ్లి డబ్బు దండగ అని మనవాళ్లు మొహం ముడుచుకుంటారు గానీ, ఈ గడ్డ విషయంలో ఇది నిఖార్సైన వైద్యం. పెద్దవాళ్లలో ఇంచుమించు సగం గాంగ్లియన్లు కొన్నేళ్లలో వాటంతట అవే పోతాయి, పిల్లల్లో అయితే ఇంకా ఎక్కువ. 2007లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో చేతి వెనక గాంగ్లియన్ ఉన్న 236 మందిని సగటున ఆరేళ్ల దాకా కనిపెట్టి చూశారు: కొందరికి సూదితో తీశారు, కొందరికి ఆపరేషన్, కొందరిని వదిలేశారు. సూదితో తీసినవాళ్లలో నూటికి 58, ఆపరేషన్ చేసినవాళ్లలో 39 మళ్లీ వచ్చాయి. నొప్పి, బలహీనత లాంటివి చూస్తే మూడు గుంపులకీ చివరికి పెద్ద తేడా లేదు. కానీ ఒక తమాషా ఉంది, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు గడ్డ మళ్లీ వచ్చినా మిగతావాళ్ల కంటే సంతృప్తిగా ఉన్నారు. నాకైతే ఇది బాగా అర్థమవుతుంది. ఏదో ఒకటి గట్టిగా చేశామన్న తృప్తి మనిషికి కావాలి.

అంచేత డాక్టర్ దగ్గర మొదటి ప్రశ్న గడ్డ ఎంత ఉంది అనేది కాదు, అది నిన్ను ఏం చేస్తోంది అనేదే. నొప్పి లేకపోతే, పని ఆగకపోతే, క్యాన్సర్ కాదని తేలితే చాలామందికి అక్కడితో సరి. నాకు ఆరు నెలల తర్వాత చపాతీ కర్ర నొక్కినప్పుడు, కుర్చీ చేతుల మీద ఆనుకుని లేచినప్పుడు పోటు మొదలైంది. అప్పుడు సూది దగ్గరికి వెళ్లాను.

దాన్ని ఆస్పిరేషన్ అంటారు. పైన కాస్త మత్తు ఇచ్చి, లావుపాటి సూది గుచ్చి సిరంజితో లాగుతారు. సన్న సూది పనికిరాదు, ఆ జిగురు అందులోంచి రాదు. డాక్టర్ పిస్టన్ లాగుతుంటే ఒక్క క్షణం ఏమీ రాలేదు, తర్వాత వేడి చేయని తేనెలా, రంగు లేకుండా, సాగుతూ మెల్లగా వచ్చింది, మొత్తం రెండు మిల్లీలీటర్లు కూడా ఉండదు. చెయ్యి వంచి చూసుకున్నాను, చదునుగా ఉంది. ఇంత తేలికా అనుకున్నాను. నాలుగో నెలలో గాజు మళ్లీ ఆగింది. 2015లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టిన ఒక సమీక్షలో సూదితో తీసిన వాటిలో నూటికి 59 మళ్లీ వచ్చాయని తేలింది, అంటే నేను మెజారిటీలోనే ఉన్నాను. సూదితో పాటు స్టెరాయిడ్ వేసినా పెద్దగా ఒరిగేదేమీ లేదని చాలా అధ్యయనాలు చెప్తున్నాయి, పైగా ఆ చోట చర్మం పలచబడి తెల్లబడే అవకాశం ఉంది. సూది బాగా పనిచేసేది వేలి మొదట్లో వచ్చే కంది గింజ గడ్డకి. నాడి చూసే చోట ఉన్న గడ్డకి మాత్రం ధమని పక్కనే ఉంటుంది కాబట్టి చాలామంది డాక్టర్లు సూది వద్దంటారు.

ఇక ఆపరేషన్. ఇది చిన్న ఆపరేషనే, పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చేయొచ్చు, కానీ చిన్నది కదా అని ఎవరితో పడితే వాళ్లతో చేయించుకునేది కాదు. చంకలో గానీ మెడ పక్కన గానీ ఇంజెక్షన్ ఇచ్చి చెయ్యి మొత్తం మొద్దుబారుస్తారు. మనిషి మెలకువగానే ఉంటాడు, ఆ చెయ్యి మాత్రం ఇంకెవరిదో అన్నట్టుంటుంది. బీపీ చూసే పట్టీ లాంటిదే ఒకటి జబ్బకి బిగించి రక్తం రాకుండా ఆపుతారు, దాన్ని టోర్నికే అంటారు. రక్తం లేకపోతేనే లోపలున్న సన్నటి నాడులు, కాడ స్పష్టంగా కనపడతాయి. ఈమధ్య కొందరు సర్జన్లు మత్తుమందులో అడ్రినలిన్ కలిపి చేతిలోనే ఇచ్చి, పట్టీ లేకుండా కూడా చేస్తున్నారు.

చేతి వెనక గడ్డకయితే చర్మం మీద అడ్డంగా, ముడతల వరసలోనే చిన్న గాటు పెడతారు, మచ్చ ఆ ముడతల్లో కలిసిపోతుందని. మొదట ఎదురయ్యేవి బొటనవేలి వెనక స్పర్శ మోసే నాడి కొమ్మలు, దారం పోగుల్లా ఉంటాయి. ఒకటి తెగినా చిరాకు పెట్టే మంట, తిమ్మిరి మిగులుతాయి. వాటిని పక్కకి జరిపి, వేళ్లను ఎత్తే టెండన్లను చెరోవైపు లాగి పట్టుకుంటే మధ్యలో బుడగ కనిపిస్తుంది. దాన్ని చిరగనివ్వకుండా చుట్టూ విడదీసుకుంటూ కిందికి కిందికి వెళ్లాలి. పేలిపోతే కాడ ఎటు వెళ్తోందో వెతుక్కోవాల్సి వస్తుంది. కాడ కీలు పొరలోకి దిగిన చోట ఆ పొరలో చిన్న ముక్క కూడా కలిపి కోసేయాలి, స్కాఫాయిడ్ లూనేట్ మధ్య లిగమెంటు మీద అంటుకున్న మొదలుని గీకినట్టుగా తీసేయాలి, లిగమెంటుకి మాత్రం గాటు పడకూడదు. అది తెగితే మణికట్టే వదులైపోతుంది, గడ్డ తీయబోయి కీలు పోగొట్టుకున్నట్టవుతుంది. తర్వాత ఆ పొరలో చేసిన కంతని కుట్టరు, అలాగే వదిలేస్తారు. కుడితే మణికట్టు వంగకుండా బిగుసుకుంటుంది. పైన చర్మం మాత్రం కుడతారు.

కాడతో సహా తీయాలన్న సంగతి పట్టుకున్నది 1976లో ఏంజెలిడీస్, వాలెస్ అనే ఇద్దరు. వాళ్ల రోగుల్లో నూటికి ఒకరికి మించి మళ్లీ రాలేదని రాశారు. మరి బ్రిటన్ లెక్కలో 39 ఎందుకు వచ్చింది? ఎవరు చేశారు, కాడ మొదలు దాకా వెళ్లారా లేదా, తర్వాత ఎన్నేళ్లు కనిపెట్టి చూశారు, ఇవన్నీ కలిస్తేనే ఆ అంకె. 2015 సమీక్షలో మామూలు ఆపరేషన్‌కి సగటున నూటికి 21. ఎక్కడైనా ‘మా దగ్గర మళ్లీ రానే రాదు’ అని చెప్తే నేనైతే అనుమానిస్తాను, నూటికి ఎంతమందికి వస్తుందండీ అని అడిగితే తడుముకోకుండా ఒక అంకె చెప్పే డాక్టర్ మీద నాకు నమ్మకం ఎక్కువ.

నాడి వైపు గడ్డకయితే కథ అంతా ధమని చుట్టూనే. ఆపరేషన్‌కి ముందు మణికట్టు దగ్గర రెండు ధమనులనీ వేళ్లతో నొక్కిపట్టి, పిడికిలి బిగించి తెరిపించి, ఒక్కో ధమనిని వదులుతూ అరచెయ్యి ఎంత త్వరగా ఎర్రబడుతుందో చూస్తారు. పొరపాటున ఒకటి దెబ్బతిన్నా రెండోది చేతిని నిలబెడుతుందా లేదా అని తెలుసుకోవడానికి. గడ్డ ధమనికి మరీ అతుక్కుపోయి ఉంటే అనుభవమున్న సర్జన్ మొండికి పోడు, ఆ కాస్త గోడని ధమని మీదే వదిలేసి మిగతాది తీస్తాడు. అక్కడ మళ్లీ వచ్చే అవకాశం కూడా కాస్త ఎక్కువే.

కీలులోకి సన్నటి కెమెరా పంపి చేసే ఆర్త్రోస్కోపీ 1990ల నుంచి ఉంది. మచ్చ చిన్నది, అదే 2015 సమీక్షలో మళ్లీ రావడం నూటికి 6 అని ఉంది. కానీ 2008లో రెండు పద్ధతులనీ లాటరీ పద్ధతిలో పంచి పోల్చిన ఒక అధ్యయనంలో ఏడాది తర్వాత రెండూ ఒకటే, సుమారు పదిలో ఒకరికి మళ్లీ వచ్చింది. కాబట్టి కెమెరా ఆపరేషన్ అనగానే ఎక్కువ డబ్బు పెట్టేయాల్సిన పనేం లేదు, చేసే మనిషికి ఏది బాగా చేతనైతే అదే మంచిది.

నాకు మామూలు పద్ధతిలోనే చేశారు. అడ్డంగా కట్టిన ఆకుపచ్చ గుడ్డ అవతల నుంచి డాక్టర్ గారు "చూస్తారామ్మా?" అని చిన్న సీసా పైకెత్తి చూపించారు. తొక్క ఒలిచిన తెల్లద్రాక్ష పండులా ఉంది, ఒక కొసన తోకలాగా చిన్న పీచు. ఆ పీచు కోసమే ఇంత తతంగమూ. దాన్ని బయాప్సీకి పంపారు. ఈ మాట వినగానే ఇంట్లోవాళ్ల మొహాలు మారిపోతాయి గానీ, శరీరంలోంచి తీసిన దాన్ని పరీక్షకి పంపడం మామూలు పద్ధతి, అనుమానం ఉండక్కర్లేదు.

తర్వాతి సంగతి ఎవరూ సరిగా చెప్పరు. వారం పాటు పిండికట్టు లాంటి స్లాబ్, వేళ్లు మాత్రం మొదటి రోజు నుంచే ఆడించాలి, రెండు వారాల లోపు కుట్లు తీయడం. కుట్లు తీసిన రోజు చెయ్యి వంచబోతే వంగలేదు, భయం వేసింది. మణికట్టు కిందికి వంగడం తగ్గడమే ఈ ఆపరేషన్ తర్వాత చాలామంది చెప్పే ఫిర్యాదు, వ్యాయామాలు మానకుండా చేస్తే చాలామందికి వచ్చేస్తుంది. నేను రోజూ గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెట్టి వంచేదాన్ని, బిందెలూ సిలిండర్లూ ఎత్తడం ఆరు వారాల దాకా బంద్. మచ్చ కొన్ని నెలలు ఎర్రగా, ముట్టుకుంటే చురుక్కుమనేలా ఉంటుంది. చెవులు కుట్టించుకున్న చోటో, పాత దెబ్బ చోటో మచ్చ ఉబ్బెత్తుగా పెరిగే శరీరతత్వం ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, గడ్డ పోయి దాని చోట కీలాయిడ్ మిగిలితే అందం కోసం చేయించుకున్నవాళ్లకి లాభమేంటి.

వేలి చివరి కణుపు మీద వచ్చేది, మ్యూకస్ సిస్ట్ అంటారు, యాభై దాటినవాళ్లలో ఎక్కువ. దాని అసలు కారణం కింద అరిగిపోయిన కీలు, అక్కడ మొనదేలిన ఎముక ముల్లు. గడ్డ గోరు పుట్టే చోటుని నొక్కుతుంది కాబట్టి గోరు మీద పొడవునా కాలువలా గాడి పడుతుంది. చాలామంది గోటికి ఫంగస్ అనుకుని నెలల తరబడి మందులు రాస్తుంటారు. దాని మీది చర్మం ఉల్లిపొర లాంటిది. పొడిస్తే జిగురు వస్తుంది, చూడ్డానికి భలే ఉంటుంది, కానీ కీలు అక్కడికి ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరమే, అది చీము పట్టిందంటే వేలి కొస బిగుసుకుపోతుంది. ఆపరేషన్‌లో గడ్డతో పాటు ఆ ఎముక ముల్లుని కూడా గీకేస్తేనే మళ్లీ రావడం బాగా తగ్గుతుంది, గోటి గాడి కూడా చాలామందికి మెల్లగా సర్దుకుంటుంది. చర్మం చాలకపోతే పక్క నుంచి కాస్త జరిపి కప్పుతారు.

ఎవరి దగ్గరికి వెళ్లాలంటే ఆర్థోపెడిక్ సర్జన్లు, ప్లాస్టిక్ సర్జన్లు ఇద్దరూ చేస్తారు, వాళ్లలో చేతి ఆపరేషన్లే ఎక్కువగా చేసేవాళ్లని వెతుక్కోవడం మంచిది. ఇంకొక డబ్బు సంగతి, నాకు తగిలిన దెబ్బ కాబట్టి చెప్తున్నాను: చాలా హెల్త్ పాలసీల్లో ప్రమాదం లేని కణితులు, సిస్టులకి రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. నా పాలసీకి అప్పటికి ఇరవై నెలలు, క్లెయిమ్ తిరస్కరించారు. గడ్డ అత్యవసరం కాదు కదా, నాలుగు నెలలు ఆగి ఉంటే సరిపోయేది, పాలసీ కాగితం ఆపరేషన్ అయ్యాక చదివితే అంతే మరి.

మొన్న పిన్ని వచ్చినప్పుడు మచ్చ చూపించాను. "ఇంత డబ్బు పోస్తివి, పుస్తకంతో పోయేదానికి" అంది. తనకీ ఎడమచేతికి అచ్చం ఇలాంటిదే వచ్చిందట, పెళ్లికి ముందు, వాళ్ల నాన్న లెడ్జర్ పుస్తకం పెట్టి కొట్టాడట. పోయిందా పిన్నీ అంటే పోయిందంది. కొట్టిన రోజే పోయిందా అని మళ్లీ అడిగాను.

"ఆ రోజు ఎక్కడే, వాచి కూర్చుంది. పెద్దోడు పుట్టాక ఒకసారి చూసుకుంటే లేదు."